అర్జెంటు ఆపరేషన్ అయ్యాక కాలిలో రక్తం గడ్డ: డాక్టరుకు మీరే చెప్పాల్సిన విషయాలు

నమస్కారమండీ. నేను తిరుపతిలో ఫిజియోథెరపిస్టుని. ఆపరేషన్ అయినవాళ్లను మంచం దించి నడిపించడం నా పని. అందుకే ఈ మాట రోజూ వింటుంటా: "కుట్లు పచ్చిగా ఉండాయి సార్, రెండ్రోజులు కదలకుండా పడుకోనీండి." ప్రేమతోనే అంటారు. కానీ అలా కదలకుండా ఉంటేనే కాలి సిరల్లో, అదే మనం నరాలంటామే, వాటిలో రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే ప్రాణం మీదికొస్తుంది.

ముందే తేదీ పెట్టుకుని చేసే ఆపరేషన్ వేరు, అప్పుడు అన్నీ నిదానంగా అడిగి రాసుకుంటారు. అపెండిక్స్ పగిలిందనో, పేగు మెలికపడిందనో, బండి మీది నుంచి పడి తొడ ఎముక విరిగిందనో అర్ధరాత్రి తీసుకొస్తే అంత టైం ఎక్కడుంటుంది? అప్పటికే వాంతులతో ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది, ఇన్‌ఫెక్షన్ ఉంటే రక్తానికి గడ్డకట్టే గుణం ఇంకా పెరుగుతుంది, దెబ్బకు సిర గోడ కూడా పాడై ఉండొచ్చు, ఆపైన మంచం. రక్తం మందగించడం, సిరకు దెబ్బ, గడ్డకట్టే గుణం పెరగడం, ఈ మూడింటినీ కలిపి డాక్టర్లు విర్కో ట్రయాడ్ అంటారు. ఎమర్జెన్సీలో మూడూ ఒకేసారి వచ్చిపడతాయి.

కాబట్టి వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి. ముందెప్పుడైనా కాలిలో గడ్డ వచ్చిందా, అమ్మానాన్నలకు, తోబుట్టువులకు వచ్చిందా, క్యాన్సర్ ఉందా, ఈమధ్య పక్షవాతం వచ్చిందా, కాళ్లలో నరాలు ఉబ్బి ఉన్నాయా. ఆడవాళ్లయితే ఇంకొకటి, ఇది ఎవరూ నోరు విప్పి చెప్పరు. కొండకు పోవాలనో, ఇంట్లో పెళ్లి ఉందనో నెలసరి వాయిదాకు మాత్రలు వేసుకుంటారు కదా, అవి హార్మోన్ మాత్రలు. వాటితో, గర్భం రాకుండా వాడే మాత్రలతో కూడా గడ్డ రిస్కు పెరగొచ్చు. మామగారి ముందు చెప్పలేకపోతే నర్సమ్మ చెవిలో చెప్పండి చాలు. కాన్పయి ఆరు వారాలు దాటకపోయినా చెప్పాల్సిందే.

గడ్డ రిస్కు ఎంతో లెక్కగట్టడానికి డాక్టర్లు వాడే కాప్రిని స్కోరులో వయసు 41 నుంచి 60 అయితే 1 పాయింటు, 61 నుంచి 74 అయితే 2, 75 లేదా ఆపైన అయితే 3. తుంటి విరిగితే ఒక్కదానికే 5. మొత్తం 5 వచ్చిందంటే హై రిస్కు కిందే లెక్క. బాత్‌రూంలో జారిపడ్డ మన అవ్వలు చాలామంది ఆ లెక్కలోకే వస్తారు.

గడ్డ కట్టకుండా మంచం మీదే చేసే కసరత్తు ఒకటి చూపిస్తా, ఇప్పుడు నా పాదం చూడండి. వేళ్లు ముఖం వైపు లాగండి, ఇలా. ఇప్పుడు యాక్సిలరేటర్ తొక్కినట్టు కిందికి. పిక్క బిగుసుకుంటోంది చూడండి, ఆ బిగువే రక్తాన్ని పైకి తోస్తుంది. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి, పది పదిహేను సార్లు. విరిగిన కాలికైతే డాక్టరును అడిగాకే చేయండి. లేచి నడవమన్న రోజు మాత్రం వాయిదా వేయకండి.

రక్తం గడ్డకట్టకుండా పొట్టకు వేసే హెపారిన్ లాంటి ఇంజెక్షన్ కొందరికి అవసరం, కొందరికి రక్తస్రావం భయంతో ఆపుతారు. "మా అమ్మకు అవసరమా, ఎన్నాళ్లు?" అని అడగండి. తుంటి ఆపరేషన్‌కైతే 35 రోజుల దాకా మందు ఇవ్వడం ఉంది, ఇంటికొచ్చాం కదా అని మధ్యలో మానొద్దు.

ఒక అవ్వకు నాలుగో రోజు ఎడమ పిక్క వాచింది, పట్టుకుంటే వేడి. కోడలు పాపం నూనె రాసి గట్టిగా రుద్దుతా ఉంది, నేను పోయి ఆపాను. ఒక్క కాలే వాచి నొప్పి ఉంటే రుద్దొద్దు, కాపడం పెట్టొద్దు, అదే రోజు డాప్లర్ స్కాన్‌కు, అంటే సిరల్లో రక్తం సరిగ్గా పారుతోందా అని చూసే స్కాన్‌కు, తీసుకెళ్లండి. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు, దగ్గితే రక్తం, ఇవి కనిపిస్తే తెల్లారనీ అని చూడకుండా 108కి ఫోన్ చేసి, ఫలానా రోజు ఆపరేషన్ అయిందని మొదటి మాటగా చెప్పండి.