యాష్ చెట్టు మొదట్లో పుట్టే ఆట

[తెర మీద: రెండు కర్రలు గాల్లో ఢీకొంటాయి]

విన్నారా ఆ చప్పుడు? ఐర్లండ్‌లో దాన్ని ‘క్లాష్ ఆఫ్ ది యాష్’ అంటారు. ఆట పేరు హర్లింగ్.

జట్టుకు 15 మంది. చేతిలోని యాష్ చెక్క కర్ర పేరు హర్లీ, తోలు బంతి పేరు స్లిటర్. గోల్‌పోస్టు ఇంగ్లిష్ ‘హెచ్’ ఆకారంలో ఉంటుంది. బంతి అడ్డకర్ర పైనుంచి పోతే ఒక పాయింటు, కింద వలలో పడితే మూడు. నేల మీది బంతిని చేత్తో తీయకూడదు, కర్రతోనో కాలితోనో లేపాలి. చేత్తో పట్టుకుంటే నాలుగడుగులే. మరి పరుగెత్తేదెలా? హర్లీ కొసన బంతిని నిలబెట్టుకుని! పక్కనుంచి ప్రత్యర్థి కర్ర విసురుతూనే ఉంటాడు. చూసే మనకే టెన్షన్.

[దగ్గరి షాట్: హర్లీ కొస, చెక్కలో గీతలు]

ఈ గీతలు చూడండి. యాష్ చెట్టు కాండం వేరులోకి దిగే చోట చెక్క సహజంగానే వంపు తిరుగుతుంది. హర్లీ కొసకు ఆ వంపే కావాలి. అందుకే చెట్టును నేలకు ఆనించి, వేరు మొదలుతో సహా కోస్తారు. గీత వంపు వెంటే సాగితే కర్రకు బలం, అడ్డంగా తెగితే దెబ్బకు విరుగుతుంది.

[పాత ఫోటో: క్రోక్ పార్క్]

1884 నవంబర్ 1న థర్ల్స్ ఊళ్లో ఒక హోటల్లో మైకేల్ క్యూసాక్, మారిస్ డేవిన్, మరికొందరు కూర్చుని గేలిక్ (ఐరిష్) అథ్లెటిక్ అసోసియేషన్ పెట్టారు. బ్రిటిష్ పాలనలో సొంత ఆటలను కాపాడుకోవాలన్నది వాళ్ల పట్టుదల. 1920 నవంబర్ 21న డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ మైదానంలో, అదే సంఘం నడిపే గేలిక్ ఫుట్‌బాల్ మ్యాచ్ మధ్యలో బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపాయి. 14 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లలో టిప్పరరీ కౌంటీ జట్టు ఆటగాడు మైకేల్ హోగన్ ఒకరు. ఇప్పుడు కౌంటీ జట్ల పోటీ అయిన ఆల్ ఐర్లండ్ ఫైనల్‌లో గెలిచిన కెప్టెన్ కప్పు ఎత్తేది ఆయన పేరు పెట్టిన హోగన్ స్టాండ్‌లోనే.

ఆ ఫైనల్‌కు 82 వేల మంది వస్తారు. ఆటగాళ్లకు మాత్రం జీతం ఉండదు. కిల్‌కెన్నీ కౌంటీకి ఆడి 10 ఆల్ ఐర్లండ్ పతకాలు గెలిచిన హెన్రీ షెఫ్లిన్ బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటూ ఆడాడు. నాకు ఈ ఆట మీద గౌరవం పెరిగింది ఇక్కడే.

[ఎండిన కొమ్మలు]

2012లో ఐర్లండ్‌లో యాష్ చెట్లకు ఒక శిలీంధ్రం తెగులు బయటపడింది. కొమ్మలు పైనుంచి కిందికి ఎండిపోతూ వస్తాయి. ఇప్పుడు వెదురు హర్లీలు వచ్చాయి, బయటి దేశాల చెక్కా వస్తోంది. తెగులును తట్టుకుని నిలిచిన చెట్ల నుంచి అంట్లు కట్టి పరిశోధకులు కొత్త మొక్కలు పెంచుతున్నారు. వాటిలో ఒకటి హర్లీ కోయడానికి పనికొచ్చేంత లావు కావాలంటే పాతికేళ్లయినా ఆగాలి.