వేళ తప్పని ప్రార్థన

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో మీ అందరికీ వందనాలు.

ప్రార్థన చేయాలని తెలియనివారు మనలో లేరు. చేయాలన్న ఆశ లేనివారూ ఉండరు. లేనిదల్లా దానికంటూ ఒక వేళ. తీరిక దొరికినప్పుడు చేద్దాం అనుకుంటే ఆ తీరిక ఎన్నటికీ దొరకదు. అందుకే ఈ సాయంత్రం మిమ్మల్ని అడిగేది ఒక్కటే: ప్రార్థనకు వేళ పెట్టుకోండి.

దానియేలు గ్రంథం 6వ అధ్యాయం తీయండి. 30 రోజుల వరకు రాజుకు తప్ప ఎవరికీ విన్నపం చేయకూడదని, చేస్తే సింహాల గుహేనని శాసనం పుట్టింది. సంతకం పడిందని తెలిసీ దానియేలు ఇంటికి వెళ్లాడు. యెరూషలేము వైపు కిటికీలు తెరిచి ఉన్న గదిలో ఎప్పటిలాగే రోజుకు మూడుసార్లు మోకరించాడు. ప్రాణభయంతో అప్పటికప్పుడు మొదలుపెట్టిన ప్రార్థన కాదది. పనిలేనివాడి ప్రార్థనా కాదు. 120 మంది అధిపతుల మీద ఉన్న ముగ్గురు ప్రధానుల్లో ఆయన ఒకడు. ఆయన్ను పట్టుకోవడానికి శత్రువులు ఎక్కడా వెతకనక్కర్లేకపోయింది, గుంపుగా వచ్చేసరికి మోకాళ్ల మీదే ఉన్నాడు. మనం ఎప్పుడు ప్రార్థిస్తామో మన ఇంట్లోవాళ్లకైనా తెలుసా?

2014 అక్టోబరు 12 మన విశాఖలో ఎవరు మరిచిపోగలరు? హుద్‌హుద్ గాలికి తలుపులు విరిగిపోతాయేమో అన్నట్టు కొట్టుకుంటుంటే పిల్లలను దగ్గరకు తీసుకుని మొరపెట్టుకున్నాం. కరెంటు లేని ఆ రాత్రుల్లో కొవ్వొత్తి చుట్టూ కుటుంబ ప్రార్థన జరిగింది. కరెంటు వచ్చింది, టీవీ వచ్చింది. ఆ ప్రార్థన ఎన్ని ఇళ్లలో మిగిలింది? ఆపదలో మొరపెట్టడం తప్పని నేననను, కీర్తనల నిండా అలాంటి మొరలే. కానీ మన తండ్రితో మాట్లాడటానికి తుపాను రావాలా?

"మాది స్టీల్‌ప్లాంటు ఉద్యోగం, షిఫ్టులు మారుతుంటాయి" అంటారు. నిజమే. గడియారంతో కుదరకపోతే రోజూ చేసే పనితో ముడివేయండి. సి షిఫ్టు, అంటే రాత్రి షిఫ్టు, దిగి వచ్చే ఒక సోదరుడు నాకు తెలుసు. బూట్లు విప్పి, కాళ్లు కడుక్కుని, టిఫిను ముట్టకముందే మంచం పక్కన మోకరిస్తాడు. రెప్పలు వాలిపోతుంటాయి, మాట తడబడుతుంది. అయినా భార్యనూ పిల్లలనూ, ఆ రాత్రి తనతో పనిచేసినవారినీ పేరుపేరునా ప్రభువుకు అప్పగించాకే లేస్తాడు. ఐదు నిమిషాలు కూడా పట్టదు. షిఫ్టు ఏదైనా, ఇంటికి రాగానే అదే అతని వేళ.

మార్కు సువార్త 1వ అధ్యాయంలో, పట్టణమంతా తలుపు దగ్గర కూడిన సాయంత్రం గడిచాక, మన ప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి ఏకాంతంగా ప్రార్థించడానికి వెళ్లాడు. అలసట ఆయనకు లేదా?

మాటలు రావడం లేదని దిగులుపడేవారికి ప్రభువు తన శిష్యులకు నేర్పిన పరలోక ప్రార్థన ఉంది. 1805లో ఈ ఊరికి వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ సేవకులు ఇక్కడే తెలుగు నేర్చుకుని సువార్తలను అనువదించే పని మొదలుపెట్టారు. మత్తయి సువార్తలోని ఆ ప్రార్థన మన భాషలో అచ్చు కావడానికి ఈ తీరంలో పడిన శ్రమ కూడా కారణమే. దాన్ని ఆదివారానికే దాచిపెట్టకండి. ఒక్కో వాక్యం దగ్గర ఆగి, మీ ఇంటి అవసరం చెప్పుకోండి. "మా అనుదినాహారము" దగ్గర ఈ నెల ఫీజు గురించీ చెప్పవచ్చు, "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" దగ్గర మాట్లాడటం మానేసిన తమ్ముడి గురించీ చెప్పవచ్చు.

ఇంటికి వెళ్లాక అందరూ కూర్చుని మీ వేళ ఏదో నిర్ణయించుకోండి. ఒంటరిగా మొదలుపెట్టడం కష్టమనిపించేవారు ఇప్పుడే ముందుకు రండి, మొదటి ప్రార్థన కలిసి చేద్దాం.