చీటీ మీద తేదీ

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు చదవమని ఒక కాగితం ఇచ్చారు. పదకొండు పేర్లున్నాయి. నాకిచ్చిన టైము ఇరవై నిమిషాలు. పెద్దలు ఏమీ అనుకోరన్న ధైర్యంతో ఆ కాగితం జేబులో పెట్టుకుంటున్నాను.

డిసెంబరు 3, వికలాంగుల దినోత్సవం వచ్చిందంటే, బుద్ధిమాంద్యం ఉన్న మన పిల్లల సంఘం వాళ్లు నన్ను పిలుస్తారు. నేనూ వచ్చి ఏవో నాలుగు మంచి మాటలు చెప్పి దిగిపోతుంటాను. ఈసారి 'మందుల వాడకంలో జాగ్రత్తలు' అన్నారు. తెనాలిలో ముప్ఫై నాలుగేళ్లు మెడికల్ షాపు నడిపినవాడు, ఎండ తగలకుండా దాచుకోండి, ఎక్స్‌పైరీ డేటు చూసుకోండి అని చెప్పి కూర్చుంటాడనుకుని ఉంటారు. డేటు సంగతే చెబుతాను. కాకపోతే అది స్ట్రిప్పు మీద ఉండే డేటు కాదు.

మూడో వరసలో నీలం చొక్కా వేసుకుని కూర్చున్నవాడు మా తమ్ముడు బుజ్జి. చెయ్యి ఊపరా. చూశారా, రెండు చేతులూ ఊపుతాడు. మూడో ఏట మెదడువాపు జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది, బుద్ధి మాత్రం ఎదగలేదు. అప్పట్నించీ ఫిట్స్. 1986లో మా నాన్న వాణ్ణి రైలెక్కించి సికింద్రాబాదు మనోవికాస్ నగర్ తీసుకెళ్లాడు. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం 1984లో కేంద్రప్రభుత్వం అక్కడ జాతీయ సంస్థ పెట్టింది. చొక్కా గుండీలు కింద నుంచి పైకి పెట్టుకుంటూ రావాలని వాడికి అక్కడే నేర్పారు. పైనుంచి మొదలెడితే ఒక గుండీ తప్పుతుందట. వాడు ఇవాళ్టికీ కింద నుంచే పెట్టుకుంటాడు. నేనే అప్పుడప్పుడూ తప్పు పెట్టుకుంటాను. సరే, సంగతి అది కాదు.

2003లో మా అమ్మ పోయింది. చూస్తే జడుసుకుంటాడని పెద్దవాళ్లంటే, ఆ పదకొండు రోజులూ బుజ్జిని మా మేనత్త వాళ్ల ఊరు పంపేశాం. తిరిగొచ్చేసరికి అమ్మ మంచం లేదు. అమ్మేదీ అన్నాడు. ఊరెళ్లిందిరా అన్నాం. ఊరెళ్లినవాళ్లు తిరిగొస్తారు కదండీ! వాడు ఎదురుచూశాడు.

రెండు నెలలు తిరక్కుండానే నిద్రపోవడం మానేశాడు. కంచం విసిరికొట్టడం, మణికట్టు కొరుక్కోవడం మొదలెట్టాడు. సాయంత్రమైతే దొడ్లో జామచెట్టు కిందకి వెళ్లి ఒక్కడే మాట్లాడుకునేవాడు. గుంటూరులో ఒక డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాం. మేం చెప్పినవి రెండు ముక్కలు: ఒంటరిగా మాట్లాడుకుంటున్నాడు, మీదపడి కొడుతున్నాడు. ఆయన రాసినవీ రెండే ముక్కలు: సైకోసిస్, అంటే మతిభ్రమ; హేలోపెరిడాల్, అంటే దానికి మందు. అమ్మ పోయిందని మేం చెప్పలేదు, ఆయన అడగలేదు. బయట ఇంకా అరవై మంది కూర్చున్నారు. ఆయన్ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు.

జామచెట్టు కింద వాడేం మాట్లాడేవాడో తెలుసా? బట్టలు ఆరేస్తుంటే మా ఆవిడ విన్నది. "అమ్మా, వదిన పప్పులో ఉప్పెయ్యలేదే." ఆ రోజు నిజంగానే ఉప్పెయ్యలేదు. మా ఆవిడ లోపలికొచ్చి నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. నవ్వి, రాత్రికి వాడికి మాత్ర వేశాను.

మాత్ర మొదలెట్టిన వారానికి వాడు నడవడం మొదలెట్టాడు. గేటు నుంచి తులసికోట దాకా, తులసికోట నుంచి గేటు దాకా. కూర్చోబెడితే లేచేవాడు. అన్నం తింటూ మధ్యలో లేచేవాడు. హవాయి చెప్పులు నెలకో జత అరిగిపోయాయి. ఆందోళన పెరిగిందని డోసు పెంచారు, నడక ఇంకా ఎక్కువైంది. అకథీసియా అని ఒకటుంది. కాలు ఒకచోట నిలవనివ్వదు, లోపల ఏదో తోలుతున్నట్టు ఉంటుందట. అది ఆ మందు వల్లే వస్తుంది. మనకైతే నోరుంది, "ఈ మాత్ర వేసుకున్నప్పటి నుంచీ నా వల్ల కావట్లేదు" అంటాం. వాడికున్నవి కాళ్లే. వాటితోనే చెప్పాడు. మేం దాన్ని జబ్బనుకున్నాం.

తర్వాత చేతులు వణికాయి, చొంగ కారింది. దానికి ట్రైహెక్సిఫెనిడిల్ రాశారు. దాంతో నాలుగు రోజులకోసారి గానీ విరేచనం కాలేదు. కడుపు బిగిసి అరిచాడు. అరుస్తున్నాడని రాత్రికి లొరాజెపామ్ అనే మత్తు మాత్ర కలిపారు. ఒక మాత్ర తెచ్చిన బాధకి ఇంకో మాత్ర. మనిషి నెమ్మదించాడు. పగలు కూడా పడుకునేవాడు. చుట్టాలొచ్చి "ఇప్పుడు నయం, నెమ్మదిగా ఉన్నాడు" అన్నారు.

ఈ నెమ్మది అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. మీ సంచుల్లో స్ట్రిప్పులున్నాయి కదా, బయటకి తీయండి. నవ్వకండి, తీయండి. ఏ మాత్ర దేనికో తెలిసినవాళ్లు చెప్పండి. ఫిట్స్‌కా, మంచిది. థైరాయిడ్‌కి, మంచిది. ఆ చివర అమ్మా, మీరు? "నెమ్మదిగా ఉండటానికి." విన్నారా? నెమ్మదిగా ఉండకపోవడం అనే జబ్బు వైద్యగ్రంథాల్లో ఎక్కడా లేదమ్మా. దిగులుంది, భయం ఉంది, మతిభ్రమ ఉంది, పంటి నొప్పి ఉంది, మలబద్ధకం ఉంది. మీవాడిది వీటిలో ఏది?

2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పీటర్ టైరర్ అనే డాక్టరు, ఆయన బృందం ఒక అధ్యయనం వేశారు. మేధో వైకల్యం, అంటే ఈ బుద్ధిమాంద్యమే, ఉండి, మీదపడి కొట్టే మనుషులు 86 మంది. కొందరికి రిస్పెరిడోన్ అని అదే కోవ మందు, కొందరికి మావాడు మింగిన ఈ హేలోపెరిడాల్, కొందరికి మందే లేని ఉత్త బిళ్ల. ఎవరికేది ఇచ్చారో ఎవరికీ తెలియదు. నాలుగు వారాలకి మూడు గుంపుల్లోనూ కొట్టడం తగ్గింది. అన్నిటికన్నా ఎక్కువ తగ్గింది ఉత్త బిళ్ల వేసుకున్నవాళ్లలో, 79 శాతం. హేలోపెరిడాల్‌కి 65, రిస్పెరిడోన్‌కి 57. అది చదివిన రోజు నేను షాపు షట్టరు దించేసి ఇంటికెళ్లిపోయాను.

అలాగని మందులన్నీ దండగ అని నేనంటే షాపు నడిపిన నోటికి పాపం. ఆటిజం ఉన్న 101 మంది పిల్లల మీద అమెరికాలో చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. రిస్పెరిడోన్‌తో వాళ్లలో చిరాకు, కొట్టడం బాగా తగ్గాయి. మన పిల్లలకి నిజమైన మానసిక జబ్బులు రావా అంటే వస్తాయి. మామూలువాళ్ల కంటే ఎక్కువే వస్తాయి. అక్కడ జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. డౌన్ సిండ్రోమ్ అని పుట్టుకతో వచ్చే లోపం ఉన్నా నవ్వుతూ తిరిగే అమ్మాయి ఆరు నెలలుగా మూలన కూర్చుంటుంది, జడ వేసుకోవడం మర్చిపోతుంది. "వీళ్లింతేలెండి" అంటారు. అది దిగులు కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, నలభై దాటితే మతిమరుపు జబ్బు మొదలవుతూ ఉండవచ్చు. లోపం నీడ పడి అసలు జబ్బు కనపడదు. ఈ పొరపాటుకి స్టీవెన్ రైస్ అనే సైకాలజిస్టు వాళ్లు 1982లోనే డయాగ్నోస్టిక్ ఓవర్‌షాడోయింగ్ అని పేరు పెట్టారు. అదే డౌన్ సిండ్రోమ్ పిల్లలు తమతో తామే మాట్లాడుకోవడం చాలా మామూలు సంగతి. దాన్ని పట్టుకుని పిచ్చి అని మందు రాసేవాళ్లూ ఉన్నారు. ఉన్న జబ్బు కనపడదు, లేని జబ్బు కనపడుతుంది.

మన 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది, మానసిక జబ్బు అంటే అందులో బుద్ధిమాంద్యం చేరదని. వైకల్యం వేరు, జబ్బు వేరు. పార్లమెంటు రాసింది మన మందుల చీటీ మీదకి ఇంకా రాలేదు. ఆ మాటకొస్తే ఇదిగో మన వెనకాల బ్యానరు మీదకే రాలేదు, 'మానసిక రోగుల దినోత్సవం' అని కొట్టించారు. ఎవరు ప్రూఫు చూశారో గానీ, వచ్చే ఏడు నాకు చూపించండి.

ఇది మన దగ్గరే అనుకోకండి. ఇంగ్లండులో 2015లో లెక్క తీస్తే, మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్లలో రోజూ 30,000 నుంచి 35,000 మంది, ఆ మందుకి తగిన జబ్బేదీ లేకుండానే మానసిక జబ్బుల మందులు మింగుతున్నారని తేలింది. మరుసటేడు వాటిని తగ్గించడానికి స్టాంప్ అని కార్యక్రమం పెట్టుకున్నారు. వాళ్ల మార్గదర్శకాల్లో నాకు నచ్చిన మాట ఒకటుంది. ఇలాంటి ప్రవర్తనకి మందు వేస్తే మూడు నాలుగు వారాల్లో చూడాలి, ఆరు వారాలకీ గుణం లేకపోతే ఆపాలి. మావాడి ఆరు వారాలు పదకొండేళ్లు నడిచాయి.

ఎలా నడిచాయంటారా? నా కౌంటరు మీంచే నడిచాయి. అవి షెడ్యూల్ హెచ్ మందులు. చీటీ లేనిదే ఇవ్వకూడదు, ఇచ్చేముందు చీటీ మీద తేదీ చూడాలి. చూడాల్సినవాణ్ణి నేనే, తీసుకునేవాణ్ణీ నేనే. 2005 తర్వాత డాక్టరు గారి దగ్గరికి వెళ్లనే లేదు. నెల మొదట్లో అర లోంచి పది స్ట్రిప్పులు తీసి ఇంటికి పట్టుకెళ్లేవాణ్ణి. తమ్ముడికి మందు లోటు రానివ్వలేదని ఊళ్లో నాకు మంచి పేరు కూడా వచ్చింది.

2014లో ఒక చిన్న వయసు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం, ఫిట్స్ మందు మార్పించడానికి. ఆవిడ మిగతా మాత్రలన్నీ బల్ల మీద వరసగా పేర్చి, "ఇది ఎందుకు మొదలెట్టారండీ?" అంది. నా దగ్గర జవాబు లేదు. "అప్పుడు ఇంట్లో ఏమైనా జరిగిందా?" అంది. అప్పుడు చెప్పాను, అమ్మ పోయిందని.

పద్నాలుగు నెలలు పట్టింది తగ్గించడానికి. ఇది గట్టిగా వినండి, రాసుకోండి. ఇంటికెళ్లి మాత్రలు చెత్తబుట్టలో వేయొద్దు. లొరాజెపామ్ ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి. ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకే వస్తుంది. డాక్టరు చెప్పిన లెక్కలో, ఒక్కో మందు, మెట్టు మెట్టుగా దించాలి. మధ్యలో రెండుసార్లు బుజ్జికి నిద్ర పట్టక మళ్లీ ఒక మెట్టు ఎక్కాం. ఇప్పుడు ఫిట్స్ మాత్ర ఒక్కటే. అమ్మ ఫోటో వాడి మంచం దగ్గర పెట్టాం, చచ్చిపోయిందని చెప్పాం. వారం రోజులు ఏడ్చాడు. చెప్పాల్సినదానికి పన్నెండేళ్లు ఆలస్యంగా ఏడ్చాడు.

ఇందాకట్నించీ కొందరు వాడి నోటివైపు చూస్తున్నారు. వాడేమీ నమలడం లేదండీ. ఆ దవడ కదలిక మందు మిగిల్చింది. టార్డివ్ డిస్కినీసియా అంటారు. మందు ఆగినా అది పోలేదు.

భోజనాలయ్యాక ఆ వెనక బల్ల దగ్గర కూర్చుంటాను. స్ట్రిప్పులు, చీటీలు పట్టుకురండి. మందు మార్చే అధికారం నాకు లేదు, మార్చను. ప్రతి మాత్ర పక్కనా ఎందుకు, ఎప్పుడు మొదలు, మళ్లీ ఎప్పుడు చూస్తారు అని మూడు గళ్లు గీసి ఇస్తాను. ఖాళీగా ఉన్న గళ్లు మీ డాక్టరు చేత నింపించుకోండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

అదిగో, మావాడు లేచి నిలబడ్డాడు. గడియారం చూడటం రాదు గానీ భోజనం వేళ మాత్రం తప్పడు. ఆకు వేయించి కూర్చోరా, వస్తున్నాను.