30–40 అని వినిపిస్తే ఫోన్ పక్కన పెట్టండి

(నెల్లూరులో వేసవి టెన్నిస్ శిబిరం మొదలైన సాయంత్రం పిల్లలు, తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

టెన్నిస్ బంతి తెలియని ఇల్లు నెల్లూరులో ఉండదు. కాకపోతే మనం దాన్ని క్రికెట్ బ్యాటుతో కొడతాం. ఆ బంతి పుట్టిందే గల్లీ క్రికెట్ కోసమని నమ్మే పిల్లలు ఈ ముందు వరసలోనే ఉన్నారని నాకు అనుమానం. తప్పేం లేదు. బంతి నేల తగిలాక ఎంత లేస్తుందో వాళ్ల కళ్లకు ఇప్పటికే తెలుసు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేది అదే.

పెద్దవాళ్ల కష్టం వేరు. టీవీలో మ్యాచ్ పెడితే లెక్క అర్థం కాదు. సున్నాను లవ్ అంటారు, తర్వాత 15, 30, 40. "ఒకటి, రెండు, మూడు అనుకుంటే పోలా సార్?" అంటారు. అనుకోండి, ఆట మారదు. 40 తర్వాత ఇంకో పాయింట్ గెలిస్తే గేమ్. ఇద్దరూ 40 దగ్గరుంటే డ్యూస్, అక్కణ్ణుంచి వరసగా రెండు గెలవాలి. రెండు తేడాతో ఆరు గేములు గెలిస్తే సెట్. 6–6 అయితే టైబ్రేక్ అనే ఆఖరి గేమ్‌తో సెట్ తేలుస్తారు. గ్రాండ్‌స్లామ్‌లో, అంటే ఏటా జరిగే నాలుగు పెద్ద టోర్నీల్లో, ఆడవాళ్లు మూడింట్లో రెండు సెట్లు, మగవాళ్లు ఐదింట్లో మూడు గెలవాలి. దీనికి ఇంతకంటే టైం పెట్టను, రెండు మ్యాచ్‌లు చూస్తే అదే వచ్చేస్తుంది.

అసలు సంగతికి వస్తాను. క్రికెట్లో కొట్టిన ప్రతి పరుగూ చివరి లెక్కలో ఉంటుంది. టెన్నిస్‌లో అలా కాదు. గేమ్ ముగిస్తే అందులోని పాయింట్లు పోతాయి, సెట్ ముగిస్తే అందులోని గేములు పోతాయి. ఓట్లు ఎక్కువొచ్చినా సీట్లు తగ్గి ఓడిన పార్టీ లాగా, ఇక్కడ ఎక్కువ పాయింట్లు గెలిచినవాడు ఓడిపోవచ్చు. 2019 వింబుల్డన్ ఫైనల్ చూడండి. ఫెదరర్ గెలిచిన పాయింట్లు 218, జొకోవిచ్‌వి 204. గేములు లెక్కేసినా ఫెదరర్‌వి 36, జొకోవిచ్‌వి 32. కప్పు మాత్రం జొకోవిచ్ ఎత్తాడు. అప్పట్లో అక్కడ ఐదో సెట్లో 12–12 దాకా టైబ్రేక్ లేదు. ఆ సెట్లో ఫెదరర్ 8–7తో ముందున్నాడు, 40–15 దగ్గర సర్వీస్ కూడా అతనిదే. ఒక్క పాయింట్ చాలు, అవకాశాలు రెండు. రెండూ పోయాయి. ఆ మ్యాచ్‌లో మూడు టైబ్రేక్‌లు జరిగితే మూడూ జొకోవిచ్‌వే. మిగతా చోట్ల ఎన్ని పోయినా, అక్కడ మాత్రం పోనివ్వలేదు.

అదే ఫెదరర్ 2024లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ పిల్లలకు తన లెక్క తనే చెప్పాడు. ఆడిన 1,526 సింగిల్స్ మ్యాచ్‌లలో దాదాపు 80 శాతం గెలిచాడు. పాయింట్లు మాత్రం 54 శాతమే! అంతటి ఆటగాడికే రెండు పాయింట్లలో దాదాపు ఒకటి పోతుంటే, మన పిల్లాడు నాలుగు పాయింట్లు పోగొట్టుకున్నాడని కోర్టు బయట తల కొట్టుకునే నాన్నగారికి అంత టెన్షన్ అవసరమా?

కాబట్టి టీవీ ముందు కూర్చున్నప్పుడు ఏ పాయింట్ బరువైనదో పట్టుకోండి. సర్వీస్ చేసేవాడి పాయింట్లే ముందు చెబుతారు. 40–0 అంటే ఆ గేమ్ దాదాపు అయిపోయినట్టే, లేచి మంచినీళ్లు తాగి రావచ్చు. 30–40 అన్నారంటే మాత్రం ఫోన్ పక్కన పెట్టండి. అది బ్రేక్ పాయింట్, అంటే ఇంకో పాయింట్ పోతే సర్వీస్ చేసేవాడి గేమ్ ఎదుటివాడిదైపోతుంది. పెద్ద ఆటల్లో సర్వీస్ చేసేవాడే గేమ్ గెలవడం మామూలు, అందుకే ఎదుటివాడి సర్వీస్‌ను ఒక్కసారి బ్రేక్ చేసినా చాలాసార్లు సెట్ చేతికొస్తుంది. ఆ సమయంలో బంతి వెంట తల తిప్పకండి. సర్వీస్ అందుకునేవాడి కాళ్లు చూడండి. మొదటి సర్వ్ తప్పితే రెండోది నెమ్మదిగా వస్తుందని వాడికి తెలుసు, అడుగు ముందుకేసి నిలబడతాడు. ఆ అడుగు చూడటం అలవాటైతే మీరు టెన్నిస్ చూస్తున్నట్టు. కామెంటరీ మ్యూట్ చేసినా నష్టం లేదు, కొందరి కామెంటరీకైతే అదే మేలు.

ఇక్కడే ఎడమచేతి వాటం గురించి చెప్పాలి. 30–40 అయినా, డ్యూస్ తర్వాత ఒకరు ఒక పాయింట్ ముందుండే అడ్వాంటేజ్ అయినా, సర్వీస్ ఎప్పుడూ కోర్టు ఎడమవైపు నుంచే. అక్కణ్ణుంచి ఎడమచేత్తో బంతిని కోస్తూ సర్వ్ చేస్తే, కుడిచేతి ఆటగాడి బ్యాక్‌హ్యాండ్ వైపు, అంటే అతని ఎడమవైపు, కోర్టు బయటికి లాక్కుపోతుంది. అంటే గేమ్ తేలే చోట ఎడమచేతివాడికి మంచి ఆయుధం దొరుకుతుంది. ఫ్రెంచ్ ఓపెన్ 14 సార్లు గెలిచిన నాదల్‌కు ఇది బాగా పనికొచ్చింది. రాయడం, తినడం కుడిచేత్తోనే అని మన ఇళ్లలో పిల్లల్ని సతాయిస్తాం. దయచేసి రాకెట్ జోలికి మాత్రం రాకండి.

ఇక ఆడటం. మన స్థాయిలో పాయింట్లు గెలవడం తక్కువ, ఎదుటివాడికి ఇచ్చేయడం ఎక్కువ. సగం బంతులు నెట్‌కు తగులుతాయి, మిగతా సగం గీత దాటిపోతాయి. నెట్ స్తంభాల దగ్గర మూడున్నర అడుగులు, మధ్యలో మూడే అడుగులు. కోర్టు పొడవు 78 అడుగులు, సింగిల్స్ వెడల్పు 27. మూల నుంచి మూలకు కొలిస్తే 82 దాటుతుంది. కాబట్టి ఐమూలగా కొడితే నెట్ ఆరంగుళాల దాకా తగ్గుతుంది, చోటు నాలుగడుగులకు పైగా పెరుగుతుంది. బంతిని గీత వెంట తిన్నగా కొట్టాలన్న సరదా మొదటి ఏడాది చంపుకోండి. 30–40 దగ్గరైతే మరీ.

పదేళ్లలోపు పిల్లలకు మెత్తని బంతులే. ఎరుపు బంతి మామూలు దానికంటే 75 శాతం నెమ్మది, నారింజది 50, పచ్చచుక్కది 25. "మావాడికి పెద్ద బంతే ఇవ్వండి" అని అడగొద్దు. అంతర్జాతీయ సమాఖ్య 2012 నుంచి ఈ వయసు పోటీల్లో నెమ్మది బంతులే వాడాలంది. రాకెట్ కూడా పిల్లాడి ఎత్తును బట్టే. 27 అంగుళాలది పెద్దవాళ్లది, తమ్ముడికి పనికొస్తుందని ముందే కొనకండి.

మన ఎండలో పొద్దున ఎనిమిదిన్నర దాటితే ఆపేద్దాం. సాయంత్రం సముద్రం గాలి మళ్లినప్పుడు సర్వీస్‌కు బంతిని ఎత్తుగా ఎగరేస్తే పక్కకు పోతుంది, కాస్త తక్కువ ఎత్తుకే ఎగరేసి కొట్టాలి. గాలి లేని ఊళ్లో నేర్చుకున్నవాళ్లకు ఈ విద్య ఉండదు.

మనవాళ్లలో ఎవరున్నారని అడుగుతారు. హైదరాబాద్ సానియా సంగతి చెప్పక్కర్లేదు. మన ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని 2014 ఆసియా క్రీడల్లో ఆమెతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. మనకు దగ్గర్లోని చెన్నైలో, నుంగంబాకం స్టేడియంలో, 1997 నుంచి 2017 దాకా ఏటా పురుషుల టోర్నీ జరిగింది. పదిహేడేళ్ల నాదల్ 2004లో అక్కడ డబుల్స్ టైటిల్ గెలిచాడు. ఈమధ్య మహిళల టోర్నీ కూడా అక్కడ జరిగింది. మళ్లీ ఎప్పుడైనా పెడితే రైలెక్కి వెళ్లి చూడండి. టీవీలో బంతి వేగం సగమే కనిపిస్తుంది.

అప్పటిదాకా టీవీ ఉంది. ఆస్ట్రేలియన్ ఓపెన్ మనకు పొద్దున ఐదున్నరకు మొదలవుతుంది. ఫ్రెంచ్, వింబుల్డన్ మధ్యాహ్నం. యూఎస్ ఓపెన్ రాత్రి ఎనిమిదిన్నరకు మొదలై తెల్లారేదాకా సాగుతుంది, బడి ఉన్న రోజుల్లో దాని జోలికి పోవద్దు.

ఇక ప్రశ్నలు అడగండి. రాకెట్ ధరల గురించి మాత్రం పెద్దవాళ్లు తర్వాత విడిగా అడగండి, పిల్లల ముందు వద్దు.