కొబ్బరిచెట్ల కింద వానకొలత

వ్యాఖ్యాత: మాస్టారూ, అమలాపురం దగ్గర మా పెరట్లో ఆరేళ్లుగా వర్షమాపకంతో వాన కొలుస్తున్నాను. పక్క వీధి లెక్కకూ నా లెక్కకూ పొంతన ఉండడం లేదండి. లోపం పరికరంలో ఉందంటారా?

మాస్టారు: ముందు అది ఉన్న చోటును అనుమానించాలమ్మా. అడ్డుగా ఉన్న చెట్టు ఎత్తుకు కనీసం రెట్టింపు దూరంలో వర్షమాపకం ఉండాలి. 15 మీటర్ల కొబ్బరిచెట్టుకు 30 మీటర్లు ఎడంగా జరగాలన్నమాట. మట్టలు వానను అడ్డుకుంటే కొలత తగ్గుతుంది, వాటి కొనల నుంచి నీరు ధారకట్టి అందులో పడితే పెరుగుతుంది.

వ్యాఖ్యాత: మేడ మీద పెడితే ఏ అడ్డూ ఉండదు కదండీ?

మాస్టారు: అక్కడ గాలి ఎక్కువ, అసలు శత్రువు అదే. వర్షమాపకానికి తగిలిన గాలి పైకి లేచి, దాని మూతి మీదుగా వేగం పుంజుకుని, సన్న చినుకులను అవతలికి మోసుకుపోతుంది. అందుకే మన దేశంలో దాని అంచును నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంచుతారు. 1996 నవంబరు 6న కోనసీమను కుదిపేసిన తుఫాను వంటి గాలిలో, పడిన వానంతటినీ ఏ వర్షమాపకమైనా పట్టగలదని నేను నమ్మను. మంచు కురిసే చోట ఈ బాధ మరీ ఎక్కువ. మంచు రేకులు తేలిక కనుక, గట్టిగాలిలో సగం కూడా లోపల పడకపోవచ్చు. అక్కడ ప్రామాణిక కొలత కోసం 12 మీటర్లు, 4 మీటర్ల వ్యాసంతో ఒకదానిలో ఒకటిగా రెండు చెక్కకంచెలు కట్టి, నడుమ మాపకాన్ని నిలుపుతారు.

వ్యాఖ్యాత: మరి పరికరాన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చా?

మాస్టారు: తప్పకుండా. మూతి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లయితే 20 మిల్లీలీటర్ల నీరు 1 మిల్లీమీటరు వానకు సమానం. కాబట్టి 400 మిల్లీలీటర్లు పోస్తే 20 మిల్లీమీటర్లు చూపాలి. 100 చదరపు సెంటీమీటర్ల మూతికి చేసిన కొలజాడీ పొరపాటున దీనికి వాడితే లెక్క రెట్టింపవుతుంది. దొన్నెలు అటూ ఇటూ ఒరిగి లెక్కపెట్టే యంత్రమైతే నీటిని ఒకసారి నెమ్మదిగా, మరోసారి వేగంగా పోసి చూడండి. కుండపోతలో దొన్నె ఒరిగేలోపు నిండిన వైపే నీరు పడుతూ ఉంటుంది కనుక, అది తక్కువ చూపుతుంది. గరాటులో కొబ్బరిపూత అడ్డుపడకుండా చూసుకుంటూ, రోజూ ఉదయం 8:30కే కొలవండి.

వ్యాఖ్యాత: ఇప్పుడు చోటు మారిస్తే నా ఆరేళ్ల లెక్కలు వృథా అయినట్టేనా?

మాస్టారు: ఏమీ కావమ్మా. పాతదాన్ని అక్కడే ఉంచి, బయట చేనిగట్టు దగ్గర మరొకటి పెట్టి, ఒక వానాకాలమంతా రెండింటినీ కొలవండి. ఆ తేడా తెలిస్తే పాత లెక్కలను సవరించుకోవచ్చు. మార్చిన తేదీ మాత్రం పుస్తకంలో రాయండి. లేకపోతే రేపు చదివేవారు ఆ ఏడాది వానలే మారాయనుకుంటారు.