ఇందులో గోడలేవి బాబూ?

(సొంత ఇల్లు కట్టుకోబోయేవారి కోసం గ్రంథాలయంలో ఇచ్చిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, నేను ఇంజనీరును కాను. రైస్‌మిల్లులో లెక్కలు రాస్తాను. ఇరవై ఏళ్లుగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా కళ్ల ముందు ఉండేది ఎక్సెల్ షీటే. ధాన్యం బస్తాలు, లారీ కిరాయిలు, హమాలీ కూలి అన్నీ అందులోనే. ఇల్లు కట్టుకుందామనుకున్నప్పుడు నాకు చేతనైన పనిముట్టు అదొక్కటే కాబట్టి ప్లాను కూడా అందులోనే గీశాను.

మా స్థలం 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల లోతు. అంటే 1350 చదరపు అడుగులు, తొమ్మిదితో భాగిస్తే 150 గజాలు. ముందు అయిదడుగులు, మిగతా మూడు వైపులా మూడున్నర చొప్పున వదిలితే ఇంటికి మిగిలేది 23 అడుగుల వెడల్పు, ముప్ఫై ఆరున్నర లోతు. ఒక గడి ఒక అడుగు అనుకున్నాను. గదుల చుట్టూ లావుపాటి బోర్డర్ పెట్టాను. వంటగదికి పసుపు రంగు, పడకగదులకు నీలం, హాలుకు ఆకుపచ్చ. వెనక వైపు పక్కపక్కనే రెండు పడకగదులు, ఒకటి 12 అడుగులు, ఇంకోటి 11. పన్నెండూ పదకొండూ ఇరవై మూడు. లెక్క సరిపోయింది. లెక్కలు రాసేవాడికి లెక్క సరిపోతే ఇంకేం కావాలి? ప్రింటు తీసి లామినేషన్ కూడా చేయించాను.

ముగ్గు పోసే రోజు మేస్త్రీ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో గోడలేవి బాబూ?" అన్నాడు.

"ఆ నల్ల గీతలే గోడలు."

"గీతకి మందం ఉండదు కదా. గోడ తొమ్మిదంగుళాలు. అది గదిలోకన్నా జరగాలి, పక్కోళ్ల స్థలంలోకన్నా జరగాలి."

అక్కడే ఇటుకల మీద కూర్చుని లెక్క వేశాం. బయటి గోడలు రెండూ తొమ్మిదేసి అంగుళాలు, మధ్య గోడ నాలుగున్నర. మొత్తం ఇరవై రెండున్నర అంగుళాలు. దాదాపు రెండడుగుల చోటు నా ప్లానులో ఎక్కడా లేదు. నా పదకొండడుగుల గది నిజానికి పదడుగులు, మీద ముప్పావు అంగుళం. అందులో ఆరున్నర అడుగుల మంచం అడ్డంగా వేసి, ఎదురు గోడకు అడుగు ఎనిమిది అంగుళాల లోతున్న బీరువా పెడితే మధ్యలో మిగిలేది అడుగు పదిన్నర అంగుళాలు, ఇంకాస్త. బీరువా తలుపు ఒక్కో రెక్క అడుగున్నర. రెక్క పూర్తిగా తెరిస్తే దానికీ మంచానికీ మధ్య అయిదంగుళాలు కూడా ఉండదు. మనిషి ఎక్కడ నిలబడాలి? మంచమెక్కి చీరలు తీసుకోవాలి. అదీ ప్లాస్టరింగ్ లెక్కలోకి రాకముందు.

ఆ రోజు ముగ్గు పోయలేదు. ఇంటికి వచ్చి మళ్లీ మొదటి నుంచి గీశాను. మీకు చెప్పాలనుకున్నది ఆ రెండోసారి గీసిన పద్ధతి. ఒక్క సూత్రం పట్టుకుంటే చాలు, గోడకు కూడా గడులు ఇవ్వాలి.

కొత్త షీటు తెరవగానే కనిపించే గడి చతురస్రం కాదు. మామూలుగా 64 పిక్సెళ్ల అడ్డం, 20 పిక్సెళ్ల నిలువు ఉంటుంది. ఎడమ పై మూలన ఉన్న చిన్న త్రికోణం నొక్కితే షీటంతా ఎంపిక అవుతుంది. అప్పుడు నిలువు వరుసల అక్షరాల మధ్య గీత పట్టుకుని లాగుతుంటే పక్కనే పిక్సెళ్ల సంఖ్య కనిపిస్తూ ఉంటుంది. 10 దగ్గర వదిలేయండి. అడ్డ వరుసలకూ అలాగే 10. గ్రాఫు కాగితం తయారు.

ఇప్పుడు ఒక గడి మూడంగుళాలు. నాలుగు గడులు అడుగు. తొమ్మిదంగుళాల గోడకు మూడు గడులు. నాలుగున్నర గోడకు ఒకటిన్నర గడి కావాలి గానీ రెండు వైపులా ప్లాస్టరింగ్ అర అంగుళం చొప్పున కలిపితే ఎలాగూ అయిదున్నర అవుతుంది కాబట్టి రెండు గడులు ఇచ్చేయండి. అర అంగుళం ఎక్కువైనా నష్టం లేదు, తక్కువైతేనే ఏడుపు. మా స్థలం ఈ లెక్కన 120 గడుల అడ్డం, 180 గడుల నిలువు. 'ఏ' అక్షరం దగ్గర మొదలై 'డీపీ' దగ్గర ముగిసింది.

గోడ గడులకు రంగు వేయకండి. 1 అంకె కొట్టండి. గుమ్మం ఉన్నచోట 2, కిటికీ ఉన్నచోట 3. తర్వాత కండిషనల్ ఫార్మాటింగ్‌లో 1 ఉంటే ఇటుక రంగు, 2 ఉంటే గోధుమ, 3 ఉంటే నీలం అని చెప్పండి. అంకెలు కనిపించకూడదంటే నంబర్ ఫార్మాట్‌లో మూడు సెమీకోలన్లు కొట్టండి, మాయమవుతాయి. ఈ తంటా ఎందుకంటారా? రంగుల్ని ఎక్సెల్ మామూలు ఫార్ములాలతో లెక్కపెట్టలేదు, అంకెల్ని పెడుతుంది. దానితో లాభమేమిటో తర్వాత చెప్తాను, ఈలోగా మా అత్తగారి సంగతి.

ఆవిడ ఆయం కుదరాలన్నారు. తెలియని పిల్లల కోసం చెప్తున్నాను, ఇంటి పొడవు వెడల్పులు గుణించి, వచ్చినదాన్ని 9తో హెచ్చించి, 8తో భాగిస్తే మిగిలే శేషం ఆయం. ఒకటి ధ్వజం, రెండు ధూమం, మూడు సింహం, నాలుగు శ్వానం, అయిదు వృషభం, ఆరు ఖరం, ఏడు గజం, శేషం లేకపోతే ఎనిమిదో లెక్క, కాకం. బేసి మంచిది, సరి మంచిది కాదు. నమ్మకం సంగతి మీ ఇష్టం. నాకు మాత్రం అది మాడ్ అనే ఫార్ములా. అది శేషమే చెబుతుంది. అన్నట్టు కొలతలు పూర్తి అడుగుల్లో ఉంటే ఆ 9తో హెచ్చించడం వల్ల ఏమీ మారదు, హెచ్చించినా మానినా శేషం ఒకటే. చేసి చూడండి.

23ని ముప్ఫై ఆరున్నరతో గుణించి ఫార్ములా కొడితే శేషం మూడున్నర వచ్చింది. మూడైతే సింహం, నాలుగైతే కుక్క. మూడున్నర ఏ జంతువో సిద్ధాంతిగారు కూడా తేల్చలేదు. లోతు 36 చేస్తే నాలుగు, కుక్కే. 37 చేస్తే సింహం వస్తుంది గానీ వదలాల్సిన ఖాళీ జాగా తగ్గిపోతుంది. 35 చేశాం, అయిదు వచ్చింది, వృషభం. మిగిలిన ఒకటిన్నర అడుగు వాకిట్లో కలిసింది. ఇప్పుడు మా ఇంటి స్కూటరు నిలబడేది అక్కడే.

సరే, ఆ అంకెల లాభం. 23 × 35 ఇంటికి బయటి గోడలు మాత్రమే నింపి, కౌంట్‌ఇఫ్‌తో 1లు లెక్కపెడితే 1356 వచ్చాయి. చదరపు అడుగుకు పదహారు గడులు కాబట్టి 16తో భాగిస్తే 84.75 చదరపు అడుగులు. గోడ ఎత్తు పదడుగులు, అంటే 847.5 ఘనపుటడుగులు. మన దగ్గర దొరికే 9 × 4½ × 3 అంగుళాల ఇటుక ఘనపుటడుగుకు సుమారు 14 పడుతుంది. పదకొండు వేల ఎనిమిది వందల అరవై అయిదు. కిటికీలు, గుమ్మాలు, పిల్లర్లు తీసేయకముందు లెక్క ఇది. కచ్చితం కాదు, కానీ ఇటుక బట్టీ వాడి దగ్గర బేరానికి కూర్చున్నప్పుడు చేతిలో ఒక అంకె ఉండటం వేరు.

సామాను సంగతి. దీనికి గడులు వద్దు, షేప్స్ వాడండి. దీర్ఘచతురస్రం గీసేటప్పుడు ఆల్ట్ కీ నొక్కి పట్టుకుంటే అది గడుల గీతలకు అతుక్కుంటుంది. 5 × 6½ అడుగుల మంచం అంటే 20 × 26 గడులు. ఫ్రిజ్, బీరువా, డైనింగ్ టేబుల్, అమ్మమ్మ కాలం నాటి భోషాణం ఉంటే అదీ, టేపు పట్టుకుని ఇంట్లో ఉన్నవాటినే కొలవండి. తలుపు తెరుచుకునే మేర పావు వృత్తం గీయండి, సగం గొడవలు అక్కడే బయటపడతాయి.

ఒక జాగ్రత్త. హాలు ఒక అడుగు పెంచుదామని మధ్యలో నాలుగు నిలువు వరుసలు చేర్చాను. గోడలన్నీ చక్కగా జరిగాయి. ఇది చేతి గీతలో దొరకని సుఖం. కానీ మంచం కూడా సాగి ఏడున్నర అడుగులైంది! మా అబ్బాయి, "నాన్నా, తాటిచెట్టుకి కొన్నావా?" అన్నాడు. షేప్ మీద కుడి క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో 'జరుగు కానీ సైజు మారకు' అనే అర్థం వచ్చేది ఎంచుకోవాలి. మామూలుగా అది సాగేలాగే ఉంటుంది.

ఎక్సెల్‌లో బొమ్మలేమిటని నవ్వేవాళ్లుంటారు. జపాన్‌లో ఆఫీసుల వాళ్లు ఇలా చిన్న చదరపు గడులు చేసుకుని దరఖాస్తు ఫారాలే తయారు చేస్తారు. 'ఎక్సెల్ హోగన్‌షి' అంటారు, హోగన్‌షి అంటే గ్రాఫు కాగితం. డేటా పని చేసేవాళ్లు దాన్ని తిట్టిపోస్తారు, అది న్యాయమే. అదే దేశంలో తత్సువో హొరియుచి అనే పెద్దాయన రిటైరయ్యాక ఎక్సెల్ షేప్స్‌తోనే కొండలు, చెట్లు, పూలు చిత్రించి పేరు తెచ్చుకున్నారు. మనం అడుగుతున్నది రెండు పడకగదులేగా.

ప్రింటు దగ్గర మాత్రం ఎక్సెల్‌ను నమ్మకండి. 'ఒక పేజీలో పట్టించు' అంటే స్కేలు గంగలో కలుస్తుంది. ప్రింటరును బట్టి చతురస్రాలు కాస్త సాగుతాయి కూడా. అందుకే కింద ఒక మూలన 40 గడుల గీత అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీసి '10 అడుగులు' అని రాయండి. కాగితం ఎంత కుంచించుకుపోయినా ఆ గీతలు కూడా అంతే కుంచించుకుపోతాయి. స్కేలు పక్కాగా కావాలనుకునేవాళ్లు లిబ్రె ఆఫీస్‌లో ఉండే డ్రా అనే బొమ్మలు గీసే ప్రోగ్రామ్ వాడండి, ఉచితం. ఒకటికి వంద అని స్కేలు పెట్టుకోవచ్చు, కొలత గీతలు అదే వేస్తుంది. వర్డ్‌లో మాత్రం గీయకండి. ఒక పేరా చేరిస్తే వంటగది రెండో పేజీకి పోతుంది.

ఇంతా గీశాక దీన్ని మున్సిపాలిటీకి పట్టుకెళ్తే తీసుకోరు. లైసెన్సున్న ఇంజనీరు సంతకం కావాలి, ఆన్‌లైన్‌లో పెట్టడానికి ఇంజనీర్లు వాడే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన డ్రాయింగు కావాలి. పిల్లర్లు, ఇనుము, పునాది లోతు మన పని కాదు, వాటి జోలికి వెళ్లకండి. మన కాగితం ఆయన దగ్గర కూర్చున్నప్పుడు చూపించడానికి. "రెండు పడకగదులు, మంచి హాలు" అని చెప్పడం కన్నా, "ఈ మంచం, ఈ బీరువా పట్టి, మధ్యలో రెండున్నర అడుగులు ఉండాలి" అని చూపిస్తే ఆయన వేరేగా వింటాడు. మా ఇంజనీరు మా కాగితం మీదే ఎర్ర పెన్నుతో దిద్దాడు. మెట్లు మార్చాడు. నేను శ్లాబు మందం మర్చిపోయాను, ఆయన కలిపి ఎత్తు 126 అంగుళాలు చేసి, ఏడేసి అంగుళాల చొప్పున 18 మెట్లు వేశాడు.

మాటలు చాలు, ప్రొజెక్టరు వెలుగుతోంది. మీలో ఒకరి ఇల్లు ఇప్పుడే గీద్దాం. కొలతలు చెప్పండి, గజాల్లో వద్దు. 150 గజాలంటే 30 × 45 కావచ్చు, 27 × 50 కావచ్చు. నాలుగు వైపులూ అడుగుల్లో చెప్పండి, వీలైతే మూల నుంచి మూలకు కర్ణం కూడా. 30 × 45 సరిగ్గా మూలమట్టానికి ఉంటే కర్ణం 54 అడుగుల ఒక అంగుళం రావాలి. రాలేదంటే దస్తావేజులో ఏమున్నా మీ స్థలం వంకరే, గడులు నింపేముందు ఆ వంకర గీసుకోవాలి. చెప్పండి బాబాయ్, మీ స్థలం ముందు వైపు ఎంత?