"చెప్తే చేసేవాణ్ణి కదా"

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే వచ్చారు, చాలా సంతోషం. పెళ్లయినవాళ్లు, పెళ్లి లేకుండా ఒకే ఫ్లాట్‌లో కలిసుంటున్నవాళ్లు ఇద్దరూ ఉన్నారిక్కడ, నేను చూసినంతలో ఇద్దరి ఇళ్లల్లోనూ గొడవ మొదలయ్యేది ఒకే మాట దగ్గర, "చెప్తే చేసేవాణ్ణి కదా" అని. వినడానికి ఎంత మంచిగా ఉంటుందో. కానీ ఇల్లు నడపటం నీ డ్యూటీ, నేను సాయం చేస్తా, అని అర్థం దానికి. సాయం చేసేవాళ్లు కుదరకపోతే కుదర్లేదనొచ్చు, రెండో మనిషికి ఆ వీలు లేదు. పవర్ అంటే నా లెక్కలో ఇదే, మర్చిపోయినా ఎవరూ ఏమీ అనకపోవడం.

దోశ పిండే తీసుకోండి. ఆదివారం దోశలు తినాలంటే శనివారం మధ్యాహ్నానికే మినప్పప్పు, బియ్యం, చెంచాడు మెంతులు నానాలి, అంతకంటే ముందు డబ్బాలో పప్పుందో లేదో చూసుకోవాలి, సాయంత్రం రుబ్బాలి, పెద్ద గిన్నెలోకి తియ్యాలి లేకపోతే రాత్రికి పొంగి గట్టంతా పోతుంది, చలికాలమైతే ఇంకాస్త ముందే రుబ్బుకోవాలి. మీటింగ్‌లో కూర్చున్నా ఇవన్నీ బుర్రలో తిరుగుతూనే ఉంటాయి. పొద్దున్నే మా ఆయన పెనం మీద నాలుగు దోశలు పోస్తే ఫ్యామిలీ గ్రూప్‌లో ఫోటో, కింద అందరి చప్పట్లు. ఏళ్ల తరబడి ఇదే జరిగింది మా ఇంట్లో, ముందురోజు నుంచి నేను మోసింది ఏ ఫోటోలోనూ పడలేదు, నాకు బాధ అక్కడే.

2019లో కేంద్ర ప్రభుత్వం టైమ్ యూజ్ సర్వే చేసింది, రోజులో ఎవరు ఏ పనికి ఎంత టైమ్ పెడుతున్నారో లెక్క అది. ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు. అదీ చేసేవాళ్ల లెక్కే, ఆ రోజు ఇంటిపని ముట్టుకున్న మగవాళ్లు నూటికి 26 మందే. 2024లో మళ్లీ చూస్తే 289, 88. అంటే ఆడవాళ్లకి తగ్గింది పది నిమిషాలు, మగవాళ్లకీ తొమ్మిది తగ్గాయి! 2021 జనవరిలో సుప్రీంకోర్టులో ఒక యాక్సిడెంట్ నష్టపరిహారం కేసు వస్తే, మన జస్టిస్ ఎన్.వి. రమణ గారు ఈ 2019 అంకెలే చూపించి, ఇల్లు చూసుకునే ఆవిడ పనికి విలువ కట్టాల్సిందేనని రాశారు. మంచి మాట రాశారు, కాకపోతే ఆ లెక్క వేసేసరికే ఆవిడ చనిపోయుంటుంది, బతికుండగా ఎవరు వెయ్యాలి?

కలిసుంటున్న పిల్లలు నాతో అంటారు, మాకు అలాంటివి లేవు మేడమ్, రెంట్ సగం సగం, కరెంట్ బిల్లు సగం సగం అని. సరే, పనావిడ నంబర్ ఎవరి ఫోన్లో ఉంది? ఆవిడ రాని రోజు ఎవరికి మెసేజ్ వస్తుంది, గ్యాస్ అయిపోతుందని ఎవరికి ముందు తెలుస్తుంది? ఒకసారి ఇంటికెళ్లి చూడండి. ఆ పనావిడకీ ఒక ఇల్లుంది, మన గిన్నెలు తోమి వెళ్లి అక్కడ మళ్లీ తోముకోవాలి, ఆ సంగతి మర్చిపోవద్దు.

మేం ఒక్కో పనిని ముక్కలు చేసి పంచుకోవడం మానేశాం. ఒక్క పిండి పని మాత్రం మొదట్నుంచి చివరిదాకా ఆయనదే అనుకున్నాం, గుర్తు పెట్టుకోవడంతో సహా. రెండు వారాలు మర్చిపోయాడు, ఉప్మా తిన్నాం, నోరు మూసుకుని కూర్చోవడం నాకు రుబ్బడం కన్నా కష్టమైంది. మూడో శనివారం నాకు ఆఫీసుంది. మధ్యాహ్నం అత్తయ్య ఫోన్ చేసి, గొంతులో కంగారు, "అమ్మాయ్, ఒంట్లో బాగానే ఉందా, వాడేంటి మెంతులెన్ని వెయ్యాలని నాకు ఫోన్ చేశాడు?" అన్నారు.

బాగానే ఉన్నానత్తయ్యా, పనిలో ఉన్నా, ఎన్నో ఆయనకి చెప్పారా అన్నాను.